తెరమీది రూపములకు వ్యాకరణము

‘రాష్ట్రము’ అను మాటలో చూచుటకు మూడక్షరములే యున్నవి. అందు నడిమి యక్షరము మూడు హల్లుల కూడిక. షకారము పైన నిలువగా టకార రకారములు వత్తులై దాని నాశ్రయించి క్రిందికి దిగును. చేతితో వ్రాయువాడు ఈ దిగుబాటునకు ముందే చోటు విడుచును. అచ్చుకూటమున అక్షరములు కూర్చినవారును అట్లే విడిచెడివారు. కాని ఆంగ్లాక్షరముల యెత్తునకు మాత్రము సరిపోవునట్లు కొలిచిన పెట్టెలో ఈ మాట నుంచినచో, పెట్టె యంచు వత్తులను కోసివేయును. మిగిలిన ముక్కను చూచి పాఠకుడు ఊహతో చదువుకొనవలసినదే.

కళాశాలలో క్రొత్తగా చేరిన ఒక విద్యార్థిని, ఉపకార వేతనపు దరఖాస్తు కొఱకు కంప్యూటరు తెరపై ఒక పుటను తయారుచేయ సంకల్పించినదనుకొనుడు. పేరు, పుట్టినతేది, రాష్ట్రము, జిల్లా, చివర ‘పంపుము’ అను బటన్. పుట యంతే. కొన్ని యేండ్ల క్రిందట ఈ పని నేర్చి చేయుటకు ఆమె వారముల తరబడి శ్రమపడవలసి యుండెడిది. నేడు కృత్రిమ మేధా సాధనమును అడిగినచో నిమిషములలో పుట సిద్ధమగును. అది అందముగనే యుండును. ఆంగ్లమున పరీక్షించినంతవఱకు దోషము కనబడదు. తెలుగు మాటలు పెట్టినప్పుడే వత్తులు తెగును. ఆ తెగుటను ఎవరు చూతురు? చూచినవారు ఎక్కడ దిద్దుదురు? దిద్దిన దిద్దుబాటు ఒక్క పుటకా, వేయి పుటలకా? ‘డిజైన్ సిస్టమ్’ అను పేర నేడు వ్యాపించిన విద్య యంతయు ఈ మూడు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

డిజైన్ సిస్టమ్ అనగా రూపకల్పనా వ్యవస్థ. ఒక సంస్థ తెరపై చూపు సమస్త రూపములకు మూలమైన ఒడంబడిక యది. రంగులు, అక్షరముల పరిమాణములు, ఖాళీల కొలతలు, బటన్లు, పెట్టెలు, హెచ్చరికలు మున్నగువాని పట్టిక అందుండును. ఒక్కొక్కదానిని ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో, ఏల యట్లు నిర్ణయించిరో తెలుపు వివరణ యుండును. ఆ నిర్ణయమును నెఱవేర్చు ప్రోగ్రామును ఉండును. పట్టిక మాత్రమే కలిగినచో అది బొమ్మల పుస్తకము. ప్రోగ్రాము మాత్రమే కలిగినచో అది పనిముట్ల పెట్టె. కారణము తోడైనప్పుడే వ్యవస్థ యగును.

రహదారి నుండి తెరకు

ఈ యూహ కంప్యూటరు కంటె ముందుది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతి బ్రిటనులో రహదారి గుర్తులు నానా విధములుగ నుండెడివి. వేగముగ పోవు కారులోని మనుష్యునకు వానిని చదువుకొను వ్యవధి లేకపోయెను. జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అను ఇరువురు రూపకర్తలు మొదట మోటారు రహదారులకును, పిమ్మట దేశమందలి తక్కిన మార్గములకును క్రొత్త గుర్తులను కూర్చిరి. 1965 జనవరి 1 నుండి అవి అమలులోనికి వచ్చెను. వారు ‘ట్రాన్స్‌పోర్ట్’ అను అక్షరాకృతిని కల్పించి, అక్షరమునకును అక్షరమునకును నడుమ ఎంత యెడముండవలెనో నిర్ణయించిరి. పలక యెంత పెద్దదిగ నుండవలెనను లెక్కయు ఆ యక్షరముల కొలతను బట్టియే వచ్చెను. ఊరి పేరును ఆద్యంతము పెద్దబడి అక్షరములతో వ్రాయుట మాని, మొదటి యక్షరమును మాత్రము పెద్దదిగ నుంచి తక్కినవానిని చిన్నబడిలో వ్రాసిరి. మాట యొక్క ఆకారమును బట్టి దూరము నుండియే దానిని గుర్తుపట్టవచ్చునని వారి తర్కము.

సుమారు అర్ధ శతాబ్ది గడిచిన పిదప ఆ యక్షరములే తెరపైకి వచ్చెను. బ్రిటిషు ప్రభుత్వము తన వేర్వేరు వెబ్‌సైట్లను ఒక్కచోటికి చేర్చి 2012 అక్టోబరులో ‘గవ్.యూకే’ను ప్రారంభించినప్పుడు, ట్రాన్స్‌పోర్ట్ అక్షరముల సవరించిన రూపమును అందు వాడిరి. ఆ సవరణలో కాల్వర్ట్ స్వయముగ పాల్గొనెను. 2018లో ఆ ప్రభుత్వము తన డిజైన్ సిస్టమ్‌ను లోకమునకు తెఱచి యుంచెను. దానిని ఎవరైనను చదువవచ్చును. అందలి ప్రోగ్రామును తీసికొని వాడుకొనవచ్చును. ఏ రూపము నెందులకు ఎంచుకొనిరో అందు వ్రాసి యుండుట విద్యార్థులకు గొప్ప మేలు. ఉదాహరణకు, పుట్టినతేదిని అడుగుటకు దినము, మాసము, సంవత్సరము అని మూడు చిన్న పెట్టెలు చాలునని అది చెప్పును. తన పుట్టినతేదిని ఎఱిగిన మనుష్యుడు దానిని నేరుగ వ్రాయగలడు. కేలండరు తెఱచి అఱువది యేండ్లు వెనుకకు త్రిప్పుమనుట వృద్ధునకు శిక్ష.

సంజ్ఞ మొదట, సూత్రము పిదప

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఈ వ్యవస్థలోని తొలి మెట్టు క్రొత్తగ తోచదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మొదటిది సంజ్ఞా పరిచ్ఛేదము. పరుషములేవి, సరళములేవి, ద్రుతమనగా నేమి, కళలనగా నేమి అని ముందుగ పేర్లు నిర్ణయించి, పిమ్మట సంధి సూత్రములలోనికి గ్రంథకర్త అడుగిడెను. పేరు ఒకచోట స్థిరపడినది గనుకనే చిన్న సూత్రము వేయి ప్రయోగములను శాసింపగలుగుచున్నది.

డిజైన్ సిస్టమ్‌లో అట్టి సంజ్ఞకు ‘టోకెన్’ అని పేరు. టోకెన్ అనగా ఒక నిర్ణయమునకు పెట్టిన పేరు. మొదటి మెట్టున ‘నీలము-6’ అని ఒక రంగునకు పేరుండును. రెండవ మెట్టున ‘ముఖ్యకార్యపు రంగు’ అను పేరు దానిని చూపును. మూడవ మెట్టున ‘బటన్ నేపథ్యము’ అను పేరు రెండవదానిని చూపును. రేపు సంస్థ నీలమును విడిచి ఆకుపచ్చను గైకొన్నచో రెండవ మెట్టున ఒక్క పంక్తి మార్చిన చాలును. వేయి పుటలలోని బటన్లు మాఱును. రంగును బట్టి గాక పనిని బట్టి పేరు పెట్టుటలోని ప్రయోజన మిది. ‘ఎఱుపు’ అని పేరు పెట్టినవాడు దాని నొకచోట హెచ్చరికకును, వేఱొకచోట పండుగ శుభాకాంక్షకును వాడును. ‘హెచ్చరిక’ అని పేరు పెట్టినవాడు అట్లు వాడుటకు జంకును. ఈ టోకెన్లను సాధనములన్నిటికిని అర్థమగునట్లు వ్రాయు సమానమైన రీతిని, వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము నీడలో పనిచేయు ఒక బృందము 2025 అక్టోబరులో తొలి స్థిరరూపమున ప్రకటించెను.

పేరుతో పాటు కొలతయు కావలెను. తెల్లని నేపథ్యముపై బూడిదరంగు అక్షరములు వ్రాయుట నేటి రూపకర్తలలో పలువురకు సరదా. తెరపై కనబడు ఏ రంగైనను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కలయిక. ఒక్కొక్క కాంతి బలమును 0 మొదలు 255 వఱకు గల అంకెలతో చెప్పుదురు. మూడింటిని 118 చొప్పున కలిపినచో ఒక బూడిదరంగు, 119 చొప్పున కలిపినచో వేఱొక బూడిదరంగు వచ్చును. రెండింటికిని గల భేదము కంటికి తెలియదు. కాని తెలుపుతో పోల్చినప్పుడు వెలుగుల నిష్పత్తి మొదటిదానికి 4.54, రెండవదానికి 4.48. సామాన్య పరిమాణము గల అక్షరములకు ఈ నిష్పత్తి 4.5కు తగ్గరాదని అంతర్జాతీయ మార్గదర్శకములు విధించుచున్నవి. మొదటి రంగు గట్టెక్కినది, రెండవది మునిగినది. చూపు మందగించినవారి కొఱకు ఎక్కడనో ఒకచోట హద్దు గీయక తప్పదు. ఆ హద్దును రూపకర్త కంటిమెచ్చునకు విడువక లెక్కకు అప్పగించిరి.

యంత్రము చేయు పని

ఇట్టి లెక్కలు యంత్రమునకు చిటికెలో పని. వేయి పుటలలో వాడిన రంగులను ఏరి, ఒకే బూడిదరంగునకు ఎన్ని మాఱురూపములు పుట్టినవో చూపుట. ఒకే పనికి మూడు పేర్లున్నచో పట్టుట. ఒక రూపపు వివరణకు తొలిప్రతి వ్రాయుట. రూపకర్త గీసిన చిత్రమును ప్రోగ్రాముగ మార్చుట. ఇవన్నియు నేటి కృత్రిమ మేధా సాధనములు చేయుచున్నవి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అను ఒడంబడికను ప్రకటించెను. మేధాసాధనము తనకు వెలుపల నున్న దస్త్రములను, పట్టికలను నేరుగ చదువుటకు అది యొక దారి. రూపకర్తలు విరివిగ వాడు ‘ఫిగ్మా’ సంస్థయు 2025లో అట్టి ద్వారమును తెఱచెను. చిత్రమును చూచి ఊహించుటకు బదులు, బటన్ పేరును, టోకెన్ పేరును వ్యవస్థ నుండియే చదివి వాడుట యంత్రమునకు దీనివలన సాధ్యమైనది.

ఇందొక మెలిక కలదు. పేర్లు చక్కగ నున్న వ్యవస్థను చదివిన యంత్రము చక్కని పుటను ఇచ్చును. ‘క్రొత్త బటన్’, ‘క్రొత్త బటన్ రెండు’, ‘అసలైన క్రొత్త బటన్’ అని పేర్లున్న వ్యవస్థను చదివిన యంత్రము ఆ గందరగోళమునే వేయింతలు చేసి ఇచ్చును. పొలమునకు పారు నీరు పైరును పెంచును, కలుపును పెంచును.

యంత్రము పాత యలవాటు వైపు ఎట్లు మొగ్గునో తెలియుటకు ఒక యుదాహరణము చాలును. వెబ్ పుటలో అంకెలు వ్రాయుటకు ‘నంబర్’ అను జాతి పెట్టె యొకటి కలదు. అంకె లడుగుటకు అంకెల పెట్టెనే వాడవలెననుట సహజముగ తోచును. గవ్.యూకే వారును మొదట అట్లే వాడిరి. వాడుకలో చూడగా, మౌస్ చక్రము త్రిప్పినప్పుడు పెట్టెలో వ్రాసిన సంఖ్య వ్రాసినవారికి తెలియకుండ మాఱుట కలదని తేలెను. పలికిన మాటలను వ్రాయు సాధనములకును, తెరను చదివి వినిపించు సాధనములకును ఆ పెట్టెతో చిక్కులు వచ్చెను. 2020లో వారు దానిని విడిచిరి. సామాన్యమైన అక్షరముల పెట్టెనే గైకొని, చేతిఫోనులో అంకెల మీటలు వచ్చునట్లు ఒక సూచనను చేర్చిరి. కారణములను బహిరంగముగ వ్రాసి పెట్టిరి.

కృత్రిమ మేధ అపారమైన పాత ప్రోగ్రాములను చదివి నేర్చినది. అందు పాత యలవాటు మెండు, క్రొత్త వివేకము కొంచెము. ఏమియు చెప్పక అడిగినచో అది తఱచైన మార్గమును పట్టవచ్చును. కారణముతో గూడిన నియమమును ఎదుట నుంచి అడిగినచో తగిన పెట్టెను ఇచ్చుటకు అవకాశము హెచ్చు. ఇచ్చినది తగినదా కాదా యని తేల్చుటకు అడిగినవానికి ఆ కారణము తెలిసి యుండవలెను. అందువలన ఈ విద్యలో నేర్చువాడు మొదట అలవఱచుకొనవలసినది కారణమును స్పష్టముగ వ్రాయు నేర్పు.

వాకిట నిలిచిపోయినవారు

ఆలోచన చాలని రూపమొకటి పలుచోట్ల వ్యాపించినచో కలుగు హాని యెంతటిదో భారతదేశపు సర్వోన్నత న్యాయస్థానము ముందునకు వచ్చిన వ్యాజ్యములు చూపినవి. బ్యాంకు ఖాతా మున్నగువాని కొఱకు తెరపై గుర్తింపు జరుపునప్పుడు, ఎదుట నున్నది సజీవుడైన మనుష్యుడే యని తెలిసికొనుటకు ‘కనుఱెప్ప లార్పుము’ అని అడుగు పద్ధతి యొకటి వ్యాపించెను. ఆమ్లదాడికి గుఱియై కన్నులు చెడినవారును, చూపు లేనివారును ఆ వాకిట నిలిచిపోయిరి. 2025 ఏప్రిల్ 30న న్యాయస్థానము, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమున చెప్పిన జీవించు హక్కులోని భాగమని తీర్పు చెప్పి, గుర్తింపు పద్ధతులను అందఱికిని అనువగునట్లు మార్చుమని ఆదేశములిచ్చెను. ఒక రూపము వేయి వాకిళ్లకు తలుపగునప్పుడు, అందలి లోపము వేయి వాకిళ్లను మూయును. యంత్రము చేతికి వచ్చిన పిదప నకలు పుట్టు వేగము పెరిగినది. లోపము వ్యాపించు వేగమును దానితో పెరిగినది.

తెలుగు భాష ఈ వ్యవస్థలకు ఒక మంచి పరీక్ష. బటన్ మీది మాటను పెద్దబడి అక్షరములతో వ్రాసి దాని ప్రాముఖ్యము చూపు నియమము కొన్ని ఆంగ్ల వ్యవస్థలలో కలదు. తెలుగున పెద్దబడి, చిన్నబడి అను భేదమే లేదు. ఆ నియమము ఇచ్చట నిష్ఫలము. పంక్తికిని పంక్తికిని నడుమ ఆంగ్లమునకు చాలిన యెడము తెలుగునకు చాలకపోవచ్చును. అప్పుడు పై పంక్తి వత్తులును క్రింది పంక్తి గుడులును ఒండొంటిని ఒరయును. మూడవ చిక్కు లెక్కకు సంబంధించినది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటము నాటినుండి తెలుగునకు అందు స్థానము కలదు. ఆ పద్ధతిలో ‘రాష్ట్రము’ అను మాట తొమ్మిది సంకేతముల వరుస: ర, దీర్ఘము, ష, పొల్లు, ట, పొల్లు, ర, మ, కొమ్ము. ‘వేంకటేశ్వర్లు’ అను ఐదక్షరముల పేరునకు పదమూడు సంకేతములు పట్టును. సంకేతములను లెక్కించు ప్రోగ్రాములో ‘ఇరువది అక్షరములకు మించరాదు’ అని ఆంగ్లమును తలచి నియమము పెట్టినచో, ఇంటిపేరుతో గూడ వ్రాయు తెలుగు పేరు నడుమనే తెగవచ్చును.

శేషము

వ్యవస్థను కట్టుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు. బాలవ్యాకరణము వెలసిన పిదప, అందు చేరక మిగిలిన ప్రయోగములను గమనించి బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును రచించిరి. దానికి ‘త్రిలింగ లక్షణ శేషము’ అనియు పేరు. ఎంతటి లాక్షణికుడు వ్రాసినను ప్రయోగము కొంత మిగిలియే యుండును. డిజైన్ సిస్టమ్‌ను పోషించుట యనగా ఈ శేషమును ఎడతెగక కనిపెట్టి యుండుటయే.

ఆ పోషణకు కొన్ని మర్యాదలు ఏర్పడినవి. వ్యవస్థ యొక్క ప్రతి సంపుటమునకు మూడంకెల గుర్తుండును. మొదటి అంకె మాఱినచో పాతదానితో పొసగని మార్పు జరిగినదని యర్థము. రెండవది మాఱినచో క్రొత్త చేర్పు. మూడవది మాఱినచో దోషసవరణ. పాత రూపమును తొలగింపదలచినవారు ముందుగ ప్రకటించి, బదులుగ దేనిని వాడవలెనో చెప్పి, వ్యవధి ఇత్తురు. మౌస్ పట్టలేక మీటలతోనే పుటలో తిరుగువారికి తామెచ్చట నున్నదియు స్పష్టముగ తెలియుటకై, 2019లో గవ్.యూకే వారు పసుపు నేపథ్యమును, నల్లని అడుగుగీతయు గల క్రొత్త గుర్తును ప్రవేశపెట్టిరి. అప్పుడు తమ ప్రోగ్రాము గుర్తులోని మొదటి అంకెను 3గ మార్చిరి. ఆ యంకెను చూచినవాడు జాగరూకుడగును.

ఈ పోషణలో యంత్రము మంచి గుమాస్తా. ఏ పుటలు పాత రూపమును ఇంకను పట్టుకొని యున్నవో అది జాబితా వ్రాయగలదు; మార్పులను ప్రతిపాదింపగలదు. ఒక బృందము నియమము దాటి క్రొత్త పెట్టెను వాడినచో దానిని ఎత్తి చూపగలదు. ఆ దాటుట అపప్రయోగమా, శిష్టప్రయోగమా యను విచారణ మాత్రము మనుష్యుని పాలిది. ఆ బృందము బద్ధకముచే నియమమును విడిచినదో, లేక నియమకర్తలు చూడని అవసరమును చూచినదో, పోయి అడిగి తెలిసికొనవలెను. అవసరమే యైనచో వ్యవస్థయే మాఱవలెను.

తరగతిలో

ఉపాధ్యాయులకు ఇచ్చట ఒక చింత కలుగుట న్యాయమే. ఇదివఱకు చిన్నవాడు పెద్దవాని చెంత చేరి, బటన్లు గీసి గీసి, తప్పులు చేసి, చీవాట్లు తిని, వివేకము సంపాదించెడివాడు. ఆ చిన్న పనులే నేడు యంత్రము పాలగుచున్నవి. మెట్లు తీసివేసి మేడ యెక్కుమన్నట్లున్నది. తీసివేసిన మెట్లను చదువులోనే తిరిగి కట్టవలసి యున్నది.

దానికి గొప్ప సామగ్రి అక్కఱలేదు. పాఠశాలలో వాడు దరఖాస్తులను పదింటిని తెచ్చి బల్లపై పఱచి, ఒకే సంగతిని ఎన్ని విధముల అడిగిరో పిల్లలచేత ఏరించవచ్చును. ఒకదానిలో ‘తండ్రి పేరు’, ఒకదానిలో ‘తండ్రి లేక భర్త పేరు’, ఒకదానిలో ‘సంరక్షకుని పేరు’ అని యుండును. అమ్మమ్మ ఇంట పెరుగు పిల్ల వీనిలో దేనిని నింపగలదు? తరగతి వాదించి ఒక పేరును ఎన్నుకొని, ఎన్నుకొనిన కారణమును మూడు వాక్యములలో వ్రాయవలెను. మొదటి బటన్‌ను ప్రతి విద్యార్థియు చేతితో గీసి, దాని రంగుల నిష్పత్తిని తానే కట్టి చూడవలెను. పిమ్మటనే యంత్రమును పిలిచి, తాము వ్రాసిన పేర్లను, కారణములను దాని ముందుంచి పుటను చేయింపవలెను. వచ్చిన పుటను పొడవైన తెలుగు పేర్లతో పరీక్షింపవలెను. మౌస్ ముట్టక పరీక్షింపవలెను. ఎండలో నిలిచి చిన్న ఫోనులో పరీక్షింపవలెను. మార్కులు పుట యందమునకు గాక కారణపత్రమునకు వేసినచో, యంత్రముచే వ్రాయించి తెచ్చిన విద్యార్థియు ‘ఇది ఏల?’ అను ప్రశ్నకు నిలిచి బదులు చెప్పవలసి వచ్చును.

ఉపకార వేతనపు పుటను తయారుచేసిన ఆ విద్యార్థిని ‘రాష్ట్రము’ అను మాట అడుగు తెగియుండుట చూచినది. ఆ ఒక్క పెట్టెను సాగదీసి ఊరకుండవచ్చును. అట్లు చేసినచో జిల్లాల పేర్లు వ్రాయు తరువాతి పుటలో వత్తులు మఱల తెగును. ఆమె పంక్తుల యెడమునకు ‘తెలుగు పంక్తి యెత్తు’ అని ఒక టోకెన్ పెట్టి, పెట్టెలన్నిటిని దానికి కట్టి, ప్రక్కన ఇట్లు వ్రాసినది: ‘వత్తులకు చోటు చాలుటకై పెంచితిని. రాష్ట్రము, స్త్రీ అను మాటలతో పరీక్షింపక తగ్గింపరాదు.’ రేపు స్థలము కలిసివచ్చునని ఆ యెడమును తగ్గింపబోవువాడు మనుష్యుడైనను యంత్రమైనను, మొదట ఆ రెండు వాక్యములను చదువవలసి యుండును.